ఆకుపచ్చ గళ్లు

మూడు రాత్రులు నేను తిట్టింది కెర్నెల్‌ని.
ముందే చెప్పేస్తున్నా, తప్పు దానిది కాదు.

పుంతా అరేనాస్‌లో జూన్ నెల.
పదింటికి గానీ తెల్లారదు,
ఐదున్నర దాటకముందే వీధిదీపాలు.
మధ్యలో ఉన్న ఆ కాస్త వెలుగునూ
గాలి రేకులతో సహా ఊడబీకాలని చూస్తుంది.

పక్కింటి యాస్నా తలుపు కొట్టింది:
"డాన్ ద్రాగో, తెర పిచ్చిపిచ్చిగా చేస్తోంది."
ఇస్కూలు వాళ్లు పారేసిన డబ్బా అది.
కొననక్కర్లేని సిస్టమ్‌ను అందులోకి ఎక్కించింది నేనే.
"దీనికి వైరస్ రాదు, చావు రాదు" అని
గొప్పలు పోయిందీ నేనే.

వెళ్లి చూస్తే
తెరనిండా ఆకుపచ్చ గళ్లు.
ఒక మూల చిన్నవి, ఒక మూల పెద్దవి,
మౌస్ కదిలిస్తే గళ్ల వెనక గళ్లు ఈడ్చుకుంటూ.
కాసేపటికి మొత్తం నలుపు.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ మూడు.
అమ్మయ్య, అక్షరాలున్నాయి.
బొమ్మలు పోయినా మాట పడిపోలేదన్నమాట.
పాస్‌వర్డ్ కొడితే చుక్క కూడా వేయదు,
వింటోందో లేదో తెలియదు,
అయినా నమ్మి ఎంటర్ నొక్కాలి.

లాగ్ తెరిచాను. వేల వరుసలు.
గుమ్మడికాయల దొంగ ఎవరంటే
గ్రాఫిక్స్ డ్రైవర్ ఒక్కటే భుజాలు తడుముకుంటోంది.
దొరికావురా అనుకుని
దాన్ని పీకి ఇంకోటి వేశాను.
పాత కెర్నెల్‌తో లేపాను.
డ్రైవర్ ఊసే లేకుండా లేపాను,
కొబ్బరికాయలంత అక్షరాలతో లేచి
పావుగంట బుద్ధిగా కూర్చుంది,
మళ్లీ గళ్లు.

ఈ గొడవంతా జరుగుతుంటే
వాళ్లమ్మ నెవెన్కా
పొయ్యి పక్కన స్వెట్టర్ అల్లుతూ కూర్చుంది.
రెండో రాత్రి లేచొచ్చి, కళ్లజోడు సర్దుకుని,
తెరను చాలాసేపు చూసింది.
గళ్ల కాగితమూ పెన్సిలూ తెచ్చుకుంది.
"కదిలించకు," అంది నాతో,
"ఆ ఎడమ పక్కది బాగుంది."

నేను బాగు చేస్తున్నాను,
ఆమె ఎత్తి రాసుకుంటోంది.

మూడో రాత్రి విసుగెత్తి
వేడి మీదున్నప్పుడే ఆపి, వెంటనే లేపాను.
కంపెనీ ముద్ర వచ్చింది,
కెర్నెల్ ఇంకా కళ్లు తెరవలేదు,
డ్రైవర్ ఇంకా పుట్టనే లేదు,
ఆ ముద్ర మీదే గళ్లు!

ఇరవై ఏడేళ్లు ఫెర్రీ ఇంజన్ గదిలో పనిచేసిన చెవులివి.
అప్పుడు విన్నాను, వినాల్సింది మొదటి రాత్రే.
తిరగాల్సినది ఒకటి తిరగడం లేదు.

నాలుగు మరలు విప్పాను.
కార్డు మీది చిన్న ఫ్యాన్ చుట్టూ
బూడిదరంగు ఉన్ని,
నీలం ఉన్ని, కాస్త ఎరుపు,
ఎన్ని చలికాలాల స్వెట్టర్లో
రెక్కరెక్కకూ చుట్టుకుని
గట్టి ఉండ.
పట్టకారుతో లాగుతుంటే
యాస్నా నవ్వాపుకోలేక బయటికి పోయింది.
నెవెన్కా మాత్రం ఆ ఉండను చేతిలోకి తీసుకుని
"ఈ ఎరుపు ఎవరిదో గుర్తుంది," అని ఆగిపోయింది.
ఎవరిదో నేను అడగలేదు.

ఎండిపోయిన పేస్టు గీకి కొత్తది రాశాను.
ఫ్యాన్ తిరిగింది.
తెర కడిగిన పళ్లెంలా వచ్చింది.
గంట చూశాం, రెండు గంటలు చూశాం.
నేను కెర్నెల్‌కు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను,
పైకి చెబితే యాస్నా ఊరుకోదు.

నెవెన్కా కాగితం పట్టుకుని వచ్చింది.
"మిగతాది ఏదీ?"
"పోయిందమ్మా. బాగైపోయింది."
"సగమే రాసుకున్నాను ద్రాగో."
ఆమె ముఖం చూస్తే
ఉన్నిని మళ్లీ లోపల పెట్టేద్దామా అనిపించింది.

ఆగస్టులో నాకో టోపీ వచ్చింది.
చెవుల దాకా ఆకుపచ్చ గళ్లు, తప్పులన్నీ ఉన్నవి ఉన్నట్టే.
ఆపైన మామూలు బూడిదరంగు.
రేవు దగ్గర ఎవరో అడిగారు
ఇది ఏ ఊరి అల్లిక అని.

గాలి జోరుగా ఉంది,
వినబడనట్టు నడిచాను.